పిల్లలతో సముద్రపుటొడ్డున గాలము వేయుట

వేసవి సెలవులు రాగానే మన పాఠశాల బాలబాలికలలో కొందరు తలిదండ్రులతో సముద్రతీరమునకు పోయి నాలుగుదినములుండి వత్తురు. అట్లు పోయిన పిల్లవానికి మొదటిదినము ఇసుక చాలును. రెండవదినము గవ్వలు చాలును. మూడవదినము వాడు జాలరుల వలలు చూచివచ్చి, “నాన్నగారూ, మనమును చేపలు పట్టుదము” అనక మానడు. మా పిల్లలును అట్లే యడిగిరి. మేమును సరే యంటిమి. అటుపిమ్మట జరిగినదానిని, అందువలన మేము నేర్చినదానిని, మావలెనే పసిపిల్లలను వెంటబెట్టుకొని సముద్రమునకు పోవు తలిదండ్రుల యుపయోగార్థము ఇందు వ్రాయుచున్నాము. చదువరులైన విద్యార్థులు తమ తమ్ములకును చెల్లెండ్రకును ఇందలి సంగతులు చెప్పుదురుగాక.

మేము పోయినది భీమునిపట్టణము. ఇది విశాఖపట్టణమునకు ఉత్తరముగా ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున నున్నది. గోస్తనీనది ఇచ్చటనే బంగాళాఖాతములో కలియును. ఒకప్పుడు డచ్చివారు ఇచ్చట వర్తకము చేసికొని, 1825లో ఈ స్థలమును ఆంగ్లేయులకు విడిచిపోయిరి. వారి సమాధులు నేటికిని ఊరిలో కనబడును. ఒకవైపు కొండ, ఒకవైపు ఏటిమొగ, ఎదుట సముద్రము. ఇంతకంటె రమ్యమైన స్థలము పిల్లలకు దొరకదు. మాతో వచ్చినవారు ముగ్గురు: తొమ్మిదేండ్ల బాలిక, ఏడేండ్ల బాలుడు, నాలుగేండ్లు నిండిన కడగొట్టువాడు.

మొదటి ఉదయమున మేము ఒడ్డువెంట నడచి గాలము వేయుటకు తగిన చోటు వెదకితిమి. అంతటను కెరటములు తెల్లగా విరుగుచుండెను. ఒక్కచోట మాత్రము, ముప్పదిగజముల వెడల్పున, కెరటము విరుగక నీరు నెమ్మదిగా నుండెను. “పిల్లలకు ఇదియే మంచిచోటు” అని మేమిరువురమును నిశ్చయించుకొని అచ్చటనే సామాను దింపితిమి. పెద్దపిల్లలకు చెరియొక వెదురుకర్ర నిచ్చితిమి. ఇంతలో బాలిక గాలమును ఏదియో లాగెను. అందరమును అటు చూచితిమి. చూచినది అరనిమిషమైనను కాదు. మరల తిరిగి చూచుసరికి కడగొట్టువాడు మోకాలిలోతు నీటిలో నుండెను. వెనుకకు పోవుచున్న నీరు వాని పాదములక్రింది ఇసుకను తోడివేయుచుండెను. వాడు కూర్చుండబడి లోనికి జారుచుండెను. మాకంటె ముందు దగ్గర వల బాగుచేసికొనుచున్న యొక జాలరి వృద్ధుడు పరుగెత్తి వాని రెక్క పట్టుకొని ఈడ్చెను.

వాడు ఉప్పునీరు కక్కి యేడ్చెను. అంతకుమించి ప్రమాదము జరుగలేదు. కాని మా కాళ్లు చాలసేపు వణకినవి. ఆ వృద్ధుడు మమ్ము కోపింపలేదు. ఇసుకపై కూర్చుండి నెమ్మదిగా నిట్లనెను: “బాబుగారూ, కెరటం ఇరగని సోటు నమ్మకండి. పైన నెమ్మదిగుంటే కింద లాగుతున్నాదని. ఇంకో మాట. సంద్రానికి ఎప్పుడూ ఈపు ఎట్టకండి.”

ఈ రెండుమాటలలో మేము గ్రంథములలో చదివినదానికంటె ఎక్కువ యున్నది. వీని యర్థమును కొంచెము వివరింతుము.

కెరటములు ఒడ్డునకు నీటిని మోసికొనివచ్చును. వచ్చిన నీరు తిరిగి పోవలెనుగదా! అది ఒడ్డుపొడవునను సమముగా పోదు. తీరమునకు కొంచెము దూరమున నీటిక్రింద ఇసుకతిప్ప లుండును. ఆ తిప్పలపై కెరటములు విరుగును. తిప్పకును తిప్పకును నడుమ పల్లపు త్రోవ యున్నచో, ఒడ్డున పోగైన నీరంతయు ఆ త్రోవను వెదకికొని వేగముగా సముద్రములోనికి పారును. పల్లమగుటచేత అచ్చట కెరటము విరుగదు. చూచువారికి నీరు శాంతముగా తోచును. ఆ ప్రవాహము కొన్నివేళల సెకనుకు రెండు మీటర్ల వేగమును పొందును; గట్టి యీతగాడును దాని కెదురీదలేడు. కనుక తీరమున నిలిచి చూచునప్పుడు నాలుగు గురుతులు గమనింపవలెను: ఇరుప్రక్కల కెరటము విరుగుచు నడుమ విరుగకుండుట, ఆ నడుమ నీరు ముదురురంగుగా నుండుట, ఇసుక కలిసి మురికిగా కనబడుట, నురుగు ఒడ్డునకు రాక లోనికి పోవుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను పిల్లలను దూరముగా తీసికొనిపోవలెను. దైవవశమున ఎవరైన ఆ ప్రవాహమున చిక్కినచో దాని కెదురీదక, తేలియుండి, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. త్రోవ ఇరుకుగనుక ప్రక్కకు పోయినవాడు బయటపడును. ఈత రాని తలిదండ్రులు బిడ్డవెంట తామును దూకిన ఇరువురకును ముప్పు; తేలెడు వస్తువును విసరి, కేకవేసి, జాలరులను పిలువవలెను.

ఇక రెండవమాట. కెరటములన్నియు ఒక్కతీరున రావు. కొన్ని చిన్నవి వచ్చి వచ్చి, పిమ్మట రెండు మూడు పెద్దవి వరుసగా వచ్చును. వీపు త్రిప్పియున్నవాడు ఆ పెద్దదానిని కానడు. నాలుగేండ్ల బిడ్డ ఎత్తు ఒక మీటరునకు ఇంచుమించు సమానము. బరువు పదునైదు కిలోగ్రాములు. ఒక ఘనమీటరు సముద్రజలము వెయ్యి కిలోగ్రాములకు మించి తూగును. మనకు మోకాలినంటు నీరు వానికి నడుమునంటును. మనలను కదల్పని కెరటము వానిని పడద్రోయుట వింతగాదు.

ఆనాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. ఒడ్డునకు పోగానే పదిహేను నిమిషములు ఏమియు చేయక సముద్రమును చూతుము. ఇసుకలో తడి ఎంతవరకు వచ్చినదో గురుతించి, దానికి పదియడుగులు ఎగువగా కర్రతో ఒక గీత గీయుదుము. పిల్లలు ఆ గీత దాటరాదు. మా యిరువురిలో ఒకరు మాత్రమే గాలము ముట్టవలెను. రెండవవారి చేతిలో ఏమియు నుండరాదు, వారి కన్ను పిల్లలపై తప్ప మరెచ్చటను నిలువరాదు. గంటకొకసారి వంతు మార్చుకొందుము. చేప పడినప్పుడే ఈ నియమము ముఖ్యము. ఏలయన అందరి దృష్టియు అప్పుడే గాలమువైపు పోవును.

తరువాత మేము తెరపి సముద్రమును విడిచి ఏటిమొగకు లోపలివైపున, రెండు ఫర్లాంగుల యెగువను చోటు చూచుకొంటిమి. అచ్చట కెరటము లేదు. మొగ తెరచియున్నంతకాలము సముద్రపుపోటు ఏటిలోనికి వచ్చుచు పోవుచుండును. పసివారితో గాలము వేయుటకు ఇట్టి యుప్పుటేటి గట్టులే తగినవి. అయినను ఇచ్చటను ఒక జాగ్రత్త కావలెను. ఆటువేళ నీరంతయు ఇరుకైన మొగగుండ సముద్రమునకు పరుగెత్తును. కావున మొగదాపున ఎప్పుడును నిలువరాదు. పోటు ఎక్కుచున్నవేళనే పోవలెను. చేపలును అప్పుడే మేతకై నీటితోగూడ లోనికి వచ్చును.

ఆటుపోటుల సంగతి పెద్దతరగతుల విద్యార్థులు చదివియున్నదే. చంద్రుడును సూర్యుడును సముద్రజలమును ఆకర్షించుటచేత ఇవి కలుగును. మన తీరమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ పండ్రెండుగంటల యిరువదియైదు నిమిషములు పట్టును. కావున నేటి పోటు ఎనిమిదిగంటలకైనచో రేపటిది సుమారు ఎనిమిదిగంటల యేబది నిమిషములకగును. అమావాస్యకును పౌర్ణమికిని సూర్యచంద్రులు ఒక్కవరుసలో నుండుటచే పోటు హెచ్చు. విశాఖతీరమున ఆ దినములలో నీరు దాదాపు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగును. అష్టమినాడు ఈ యెక్కుదిగుడు చాల తక్కువ. ప్రవాహపు వడియు అట్లే తగ్గును గనుక, పసివారితో పోవువారికి అష్టమికి ఇటునటు దినములు అనుకూలము. మా బాలిక ఇంటిగోడనున్న పంచాంగమును చూచి ఈ లెక్క తానే కట్టుట నేర్చుకొన్నది. తరగతిలో కంఠస్థము చేసిన పాఠము ఏటిగట్టున నిజమగుట చూచి దానికి కలిగిన సంతోషము ఇంతింత గాదు.

వేళ విషయము. రాత్రి భూమి సముద్రముకంటె త్వరగా చల్లారును. అందుచే తెల్లవారుజామున గాలి భూమినుండి సముద్రమునకు వీచును, నీరు నెమ్మదిగా నుండును. ప్రొద్దెక్కిన కొలదిని భూమి వేడెక్కును, గాలి మరలి సముద్రమునుండి వీచును, అలలు లేచును. వైశాఖమాసమున సూర్యుడు ఆ తీరమున ఐదున్నరలోపుననే ఉదయించును. కనుక మేము ఐదుగంటలకు బయలుదేరి ఎనిమిదిగంటలకు ఇల్లు చేరుచుంటిమి. అటుపిమ్మట ఎండ పిల్లలకు పనికిరాదు. నీటిమీద ఎండ రెండుమారులు తగులును, పైనుండి ఒకమారు, నీటినుండి తిరిగివచ్చి యొకమారు. తలకు గుడ్డయో టోపీయో, నిండుచేతుల చొక్కాయి, త్రాగుటకు మజ్జిగయు మంచినీరును, తినుటకు అటుకులో వేరుసెనగలో ఉండవలెను. ఆకలిగొన్న పిల్లవాడు చేప పట్టలేడు.

సాధనములు స్వల్పమైనవే చాలును. పిల్లలకు తమ ఎత్తునకు ఒకటిన్నర రెట్లుండు సన్నని వెదురుకర్ర, దాని కొనకు కర్రపొడవునకు మించని నైలానుదారము, ఒక బెండు, మినపగింజంత సీసపుగుండు, చిన్నగాలము, ఇంతే. చక్రముగల గాలపుకర్రలు పెద్దవారికి ముచ్చటగా నుండవచ్చును గాని, వానిని తలమీదుగా విసరునప్పుడు వెనుకనున్నవారి కంటికి గాలము తగులు భయము కలదు. పొట్టిదారమైనచో విసరనక్కరలేదు, నీటిలోనికి దింపిన చాలును. ఇక గాలపుమొనకు లోప్రక్క ఒక చిన్న యెదురుముల్లుండును. చేప జారిపోకుండుటకై దాని నుంచుదురు. పిల్లల గాలమునకు ఆ ముల్లును పట్టకారుతో నొక్కి చదునుచేయవలెను. అట్లు చేసిన కొన్ని చేపలు జారిపోవును. కాని వ్రేలికి గ్రుచ్చుకొన్న గాలము సులభముగా వెలికివచ్చును, విడువదలచిన చేపకును గాయము తక్కువగును. ముల్లుగల గాలము ఒంటిలో దిగినచో గుంజరాదు. దారము కోసివేసి వైద్యునియొద్దకు పోవలెను.

ఎర సంపాదించుటయే పిల్లలకు సగము వేడుక. బజారులో నాలుగు చిన్నరొయ్యలు కొనవచ్చును. కాని కెరటము వెనుదీసిన తడియిసుకలో కోడిగ్రుడ్డు ఆకారమున, బొటనవ్రేలికొనంత, బూడిదరంగు పీతలు కొన్నియుండును. ఇవి ఎల్లప్పుడును వెనుకకే నడచును, వెనుకవైపుననే ఇసుకలో దూరును. ఈకలవంటి తమ మీసములను చాచి, దిగిపోవు నీటినుండి మేత వడగట్టుకొనును. ఇవి చేపలకు మిక్కిలి ప్రియమైన యాహారము. ఒకరు పిల్లవాని చేయి విడువక పట్టుకొని, సముద్రమును చూచుచు, కెరటము దిగినవెంటనే త్రవ్వించి, మరల కెరటము వచ్చులోపల వెనుకకు రావలెను. మా కడగొట్టువాడు రెండుదినములు సముద్రమును చూచి జడిసి దగ్గరకు రాలేదు. మూడవదినమున ఈ పీతలకొరకు మా చేయి పట్టుకొని వచ్చెను. వాని భయము పోగొట్టినది మా బోధ గాదు, ఈ వెనుకనడక పీతయే.

ఇక ఏయే చేపలు పడునో చెప్పుదుము. ఉప్పుటేటిలో నీటిపైకి తళుక్కున ఎగిరిపడు చేపలను చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. వీనిని ఆంగ్లమున మల్లెట్టు లందురు. ఇవి అడుగుబురదలోని నాచును, సూక్ష్మపదార్థమును తినునవి గనుక రొయ్య యెరకు తేలికగా రావు. “కనబడు చేప పడదు, పడు చేప కనబడదు” అని మా బాలుడు విసుగుకొనెను. పడినవానిలో ఎక్కువ పాలు అరచేతికి మించని చిన్నవి: ఇసుకలో మేయు సన్నని వెండిరంగు చేపలు, వీపునుండి తోకవరకు నల్లని వంపుచారలుగల పిల్లచేపలు, అప్పుడప్పుడు గొరకలు. గొరకను నీటినుండి తీయగానే గురుగురుమని ధ్వనిచేయును. దానికి కంఠము లేదు. పొట్టలోని గాలితిత్తికి ఆనుకొనియున్న కండరములు వేగముగా కదలుటచే ఆ ధ్వని పుట్టును. చారల చేపకు చెక్కిలిమీద వాడి ముల్లున్నది. దానిని గుడ్డతోనే పట్టవలెను.

ముట్టరానివి కొన్నిగలవు, వీనిని పిల్లలకు ముందుగనే నేర్పవలెను. జెల్లచేపకు వీపున నొకటి, ఇరుప్రక్కల రెక్కలయందు రెండు, విషపు ముండ్లుండును. టేకుచేప పళ్లెమువలె చదునుగానుండి నిస్సారమగు లోతులో ఇసుక కప్పుకొని పండుకొనును; తొక్కినవానిని తోకముల్లుతో పొడుచును. కావున నీటిలో దిగవలసివచ్చినప్పుడు అడుగులు ఎత్తివేయక, పాదములను ఇసుకపై ఈడ్చుకొని నడువవలెను. ఆ కదలికకు అది తొలగిపోవును. వీని ముల్లు గ్రుచ్చుకొన్నచో గాయమును కడిగి, ఓర్వగలిగినంత వేడినీటిలో అరగంట మొదలు గంటన్నరవరకు ఉంచిన నొప్పి తగ్గును. వేడికి ఆ విషము చెడును. నీటివేడిని పెద్దవారు తమ చేతితో ముందు చూచుకొనవలెను, లేనిచో బొబ్బలెక్కును. పిమ్మట వైద్యునికి చూపవలెను.

ఒడ్డున గాజువలె మెరయుచు పడియుండు జెల్లీచేప చచ్చినదైనను దాని దారములు కుట్టును. కుట్టినచోట రుద్దక, మంచినీరు పోయక, సముద్రపునీటితో కడిగి, అంటుకొనిన దారములను పుల్లతో తొలగింపవలెను. పట్టగానే బంతివలె ఉబ్బెడు చేపను చూచి పిల్లలు నవ్వుదురు. దానిలోని విషము వండినను పోదు గనుక ఇంటికి తేరాదు. వలలతో ఒక్కొకప్పుడు సముద్రసర్పములు ఒడ్డున పడును. తెడ్డువలె అణగియున్న తోకను బట్టి దానిని గుర్తింపవచ్చును. అది మందముగా కదలుచున్నను మహావిషము గలది. చూచి దూరముగా తొలగవలెను.

పట్టిన చేపలను ఏమిచేయుదుము? ఈ ప్రశ్నను మా యింట పిల్లలే తీర్చిరి. వ్రేలెడేసి చేపలు కూరకురావు. చంపుట యెందులకు? కావున మా బాలిక, బెత్తెడుకంటె చిన్నదానిని విడుచుట యని నిర్ణయము చేసెను. విడుచుటకును పద్ధతి గలదు. చేప యొంటిమీది జిగురు దానికి కవచము. పొడిచేతితో పట్టిన అది ఊడివచ్చి, చేపకు తెగులు సోకును. చేతులు తడిపికొని, నీటిదాపుననే గాలము తీసి, నీటిలో మెల్లగా వదలవలెను. కూరకు పెట్టుకొనుదానిని మాత్రము తన్నుకొని చచ్చునట్లు ఇసుకమీద పారవేయక వెంటనే తలపై కొట్టి చంపవలెను. ప్రాణిబాధ చూచుట పిల్లలకు వేడుక కారాదు.

తెగిన నైలానుదారమును ఒక్కమూరెడైనను ఒడ్డున విడువరాదు. అది కుళ్లదు. మన తీరమునకు చలికాలమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి ఇసుకలో గ్రుడ్లుపెట్టును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది. అట్టి దారములు వానికిని పక్షులకును ఉరిత్రాళ్లగును. మా బాలుడు దినమును ఒక డబ్బాలో ఇట్టి దారపుముక్కలు ఏరుచుండెను. చేపలకంటె అవియే ఎక్కువ దొరకెను.

వేసవి సెలవులలో మరయొక సంగతియు పిల్లలు గమనింపగలరు. 2015 మొదలు తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అరువదియొక్క దినములు, యంత్రపు పడవల వేటను ప్రభుత్వము నిలుపుచున్నది. చేపలు గ్రుడ్లు పెట్టి పెంపొందుటకే యీ విరామము. మనకు సెలవులైన దినములు వానికిని సెలవులే. యంత్రములేని చిన్నతెప్పలకు ఈ నిషేధము లేదు. ఒడ్డున అలివివల లాగువారిని మేము చూచితిమి. వలకొక కొనను ఒడ్డుననుంచి, పడవపై సముద్రములో చుట్టి తెచ్చి, రెండుకొనలను రెండుజట్లు పదముపాడుచు లాగుదురు. మా పిల్లలును త్రాటిచివర పట్టిరి. జట్టులోని యొక అవ్వ మావానికి గుప్పెడు నెత్తళ్లు ఇచ్చి, “నువ్వూ లాగినావు గదరా నాన్నా, నీ వాటా తీసుకో” అనెను. వాడు ఆ నెత్తళ్లను ఎవరిని ముట్టనీయలేదు.

పేళ్లను అడిగి వ్రాసికొనుట మంచి యభ్యాసము. విశాఖపట్టణమున ఉండి మన పాములను చేపలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, అచ్చట సేకరించిన రెండువందల చేపల బొమ్మలతోను వర్ణనలతోను 1803లో లండనునగరమున ఒక గ్రంథము ప్రకటించెను. అందు చేపలకు ఇచ్చటివారు పిలుచు పేళ్లను ఆంగ్లాక్షరములతో వ్రాసెను. రక్తపింజరిని ఆంగ్లములో పిలుచునది ఆయన పేరుతోనే. అంతటి పండితుడును పేళ్లకొరకు ఇచ్చటివారి నోటిమాటనే యాశ్రయించెను. మా బాలికయు ఒక చిన్నపుస్తకము చేతబట్టి, మొదటిదినము మా వానిని రక్షించిన తాతయొద్దకు పోయి ప్రతిచేపను చూపి పేరడుగుచుండెను. ఆయన చెప్పుచుండెను, అది బొమ్మ గీసి ప్రక్కన వ్రాయుచుండెను. ఆరుదినములలో పదునాలుగు పేళ్లైనవి.

బయలుదేరు ఉదయమున ఆయనకు మా కృతజ్ఞత తెలుపబోయితిమి. ఏదైన ఇచ్చినచో పుచ్చుకొనలేదు. మా కడగొట్టువాని తలపై చేయివేసి, “ఏరా, సంద్రానికి ఏం చూపకూడదు?” అని యడిగెను. వాడు సముద్రమువైపే ముఖముంచి, “ఈపు చూపకూడదు తాతా” అని యాయన యాసలోనే బదులుచెప్పెను.

ఆ యారుదినములలో మేము ఇంటికి తెచ్చి వండుకొన్నవి తొమ్మిది చేపలు. అవి ఒకపూటకైనను చాలలేదు. తొమ్మిది చేపలకై ఇంత పాటు ఎందులకని ఎవరైన అడుగవచ్చును. మా బిడ్డలు నీటిని చదువుట నేర్చిరి. ప్రాణిని తడిచేతితో పట్టుట నేర్చిరి. చదువురానివానియొద్దను చదువున్నదని నేర్చిరి. మేము నేర్చినది ఒక్కటే. పసివారితో సముద్రపుటొడ్డునకు పోయినప్పుడు చేపలు పట్టుట పిల్లల పని. పిల్లలను పట్టుకొనియుండుట పెద్దల పని. ఈ రెండు పనులను ఒకరే చేయబూనిన రెండును చెడును.

వచ్చు సెలవులలో తీరమునకు పోవు కుటుంబములవారు ఈ మాటను మరువకుందురని కోరుచున్నాము.